ఒక వేలు, అయిదు వేళ్ళు

చదువుకోసం ఆర్మిడేల్ అనే చిన్న ఊరికి వచ్చిన మొదటి వారంలోనే టెస్‌కి ఒళ్ళు మండింది. యూనివర్సిటీకి కారులో వెళ్తుంటే, ఎదురొచ్చే మట్టికొట్టుకుపోయిన ట్రక్కులోంచి ఒకడు రోజూ స్టీరింగ్ వదలకుండానే చూపుడువేలు పైకెత్తుతున్నాడు. సిడ్నీలో పుట్టి పెరిగిన పిల్ల, ఇలాంటి వేషాలు బాగా ఎరుగును.

శనివారం పెట్రోలు బంకులో దొరికాడు. తిన్నగా వెళ్ళి నిలదీసింది.

"ఏమండీ, రోజూ నన్ను చూసి వేలెత్తుతున్నారు. ఏంటి మీ ఉద్దేశం?"

రోరీ అనే ఆ గొర్రెల రైతు టోపీ వెనక్కి జరిపాడు. "ఉద్దేశమా? అది పలకరింపండీ. ఈ రోడ్డు మీద ఎవరొచ్చినా ఎత్తుతాం. గొర్రె కారు నడుపుతూ వచ్చినా ఎత్తుతాం."

"అంటే నాకోసం కాదా?"

అడిగాక నాలిక్కరుచుకుంది. అతను మాత్రం వదల్లేదు.

"మీకోసమే కావాలంటే చెప్పండి, మొత్తం చెయ్యి ఎత్తుతాను."

సోమవారం ట్రక్కులోంచి అయిదు వేళ్ళూ లేచాయి. టెస్ నవ్వు ఆపుకోలేక కారు పక్కకి తీసింది.

ఆ చలికాలం ఆమె అద్దె ఇంటికి కట్టెలు తెచ్చింది అతనే. పొయ్యి వెలిగించడం నేర్పిందీ అతనే. ఆఖరి పరీక్ష అయ్యాక అడిగాడు.

"ఇక్కడే ఉండిపోకూడదూ?"

"గొర్రెలతో కబుర్లు చెప్పుకుంటూనా? నువ్వే సిడ్నీ రా."

"అవి ఈనే రోజుల్లో ఎవరు చూస్తారు, మీ ప్రొఫెసరా?"

"సరేలే, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి చలికాలానికి వచ్చేస్తాను. ఒట్టు."

ఒట్టు పెట్టడానికి పోయేదేముంది? చలికాలం వచ్చింది, ఆమె రాలేదు. రోరీ ఫోన్ చేశాడు.

"కట్టెలు కొట్టి పెట్టాను. ఎప్పుడొస్తున్నావ్?"

"ఈ వారం కుదరదు రోరీ."

ఏ వారమూ కుదరలేదు. ఫోన్లు ఆగిపోయాయి.

ఇంకో చలికాలం గడిచాక, సిడ్నీలో మనసు నిలవక తనే బయల్దేరింది. ఈసారి ఉండిపోదామనే. కాళ్ళు పట్టుకునైనా సరే, అతన్ని ఒప్పించాలి.

ఊరు ఇంకాస్త దూరం ఉందనగా ఆ ట్రక్కే ఎదురొచ్చింది. టెస్ కారు నెమ్మది చేసింది. అద్దం దించి మొత్తం చెయ్యి ఎత్తింది.

రోరీ చూశాడు. గుర్తుపట్టాడు కూడా. కోపంగా ఉంటే బతిమాలుకునేది, కానీ ఆ ముఖంలో కోపం లేదు. స్టీరింగ్ మీద చూపుడువేలు ఒక్కటే లేచింది. ట్రక్కు ఆగకుండా వెళ్ళిపోయింది.

దాని వెనక ఇంకో కారు. అందులో ఎవరో ముసలాయన వేలెత్తాడు. కళ్ళు తుడుచుకుని, టెస్ కూడా ఎత్తింది.