జమ్ములో ఏడుపు

బస్సు డిపో వెనక గోడ అవతల ఒక మడుగు ఉంది. నిండా జమ్ము. చీకటి పడితే అటు కుక్క కూడా వెళ్ళేది కాదు. ఎవరో పసిగుడ్డును అందులో విసిరేశారని, రాత్రిళ్ళు ఆ బిడ్డే ఏడుస్తుందని డిపోలో అందరూ చెప్పుకునేవారు.

అక్కడ మా మేనమామకు జరిగింది ఇది. ఆయన నోటే విన్నాను.

మామ మట్టి తవ్వే పొక్లెయిన్ బండి నడిపేవాడు. ఒకరోజు సాయంత్రం, ఆ మడుగు పూడ్చే పని పట్టిన కాంట్రాక్టరు పిలిపించాడు.

"రేపు పొద్దున్నే అధికారులొస్తున్నారు. మడుగులో ఏ పిట్టలున్నాయి, ఏ జంతువులున్నాయి అని రాసుకుంటారట. వాళ్ళొచ్చేసరికి అక్కడ మట్టి తప్ప ఏదీ కనబడకూడదు."

"రాత్రిపూటా అన్నా… ఆ మడుగులోనా?"

"భయమైతే తాళాలిచ్చి ఇంటికెళ్ళు. రేపట్నుంచి కూడా రానక్కర్లేదు."

మామ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి మీదే. వెళ్ళాడు.

నలుగురి కంటా పడకుండా ఒక్కటే లైటు వేసుకున్నాడు. లారీలు గుమ్మరించిన ఇటుక ముక్కలూ, సిమెంటు పెళ్ళలూ నీళ్ళలోకి తోస్తూ పోయాడు. జమ్ముతో పాటే గూళ్ళూ నలిగాయి. రెక్కలు చితికిన కొంగలు బురదలో కొట్టుకుంటుంటే… మామ చూసీ చూడనట్టు లివర్లు లాగాడు.

అర్ధరాత్రి దాటాక వినబడింది — ఏడుపు.

సన్నగా, గొంతు బొంగురుపోయిన బిడ్డలా… సరిగ్గా బకెట్టు దిగబోయే చోట.

మామ ఇంజను ఆపాడు. ఏడుపు ఆగలేదు.

కాంట్రాక్టరు ఇనపరాడ్డుతో వచ్చాడు. "ఎందుకాపావ్?"

"అన్నా… లోపల బిడ్డ ఉంది."

"ఉంటే ఉండనీ. తోసెయ్."

అప్పుడు మామకు ఒళ్ళు జలదరించిందట — దెయ్యానికి కాదు, ఆ మనిషికి. తాళం తీసి జేబులో వేసుకుని కిందికి దిగాడు.

"నా వల్ల కాదు."

మొదటి దెబ్బ మోకాలి మీద. మామ బురదలో కూలాడు. తర్వాత బూటుకాలు మూతి మీద. తాళం కోసం కాంట్రాక్టరు చెయ్యి జేబులోకి రాగానే మామ ఆ వేళ్ళను ఎముకదాకా కొరికాడు. కాంట్రాక్టరు వెర్రెత్తినట్టు రాడ్డు పైకెత్తాడు. ఆ దెబ్బకు భుజం ఎముక పటుక్కుమంది.

మళ్ళీ ఎత్తేలోపు… జమ్ములోంచి ఏదో దూకింది.

కాంట్రాక్టరు మొహం నుదుటి నుంచి గడ్డందాకా చీలిపోయింది. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే గోడదాకా పాకి పడిపోయాడు.

కేకలకు డిపో వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి టార్చి వేశాడు. మడుగుల్లో చేపలు పట్టే బావురుపిల్లి — మనిషి కనబడినా కదలకుండా పళ్ళు చూపిస్తోంది. దాని వెనక జమ్ములో, ఇంకా కళ్ళు తెరవని రెండు కూనలు.

తెల్లారి వచ్చిన అధికారులు కూనల్నీ, సగం పూడిన మడుగునూ, బురదలో నెత్తురునూ చూశారు. పని ఆగింది. కాంట్రాక్టరు ఆస్పత్రి నుంచి నేరుగా జైలుకెళ్ళాడు. మిగిలిన మడుగు చుట్టూ కంచె వేశారు. "ఇన్నాళ్ళూ మీరు భయపడింది ఈ పిల్లి అరుపుకే" అని అటవీశాఖ ఆయన నవ్వితే, డిపో వాళ్ళూ నవ్వుకున్నారు.

మామ మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వలేదని మొన్న అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ రాడ్డు నా నడినెత్తికే వచ్చిందిరా. చెవి దగ్గర పసిగొంతు… 'నాన్నా, పక్కకి జరుగు' అంది. జరిగాను. భుజం మీద పడింది."

మామ ఆ భుజాన్ని తడుముకున్నాడు.

"పిల్లి ఏడుస్తుంది, సరే… మాట్లాడదు కదరా."