ముందు రాసిన పేరు

ఆ ఉదయం కరెంటు పోయి మరమగ్గాల సాంచాలు ఆగాయి. బుచ్చన్న తెగిన పోగులు ముడివేస్తున్నాడు. భార్య బాలవ్వ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, నెల రోజులుగా అడుగుతున్నదే మళ్లీ అడిగింది.

"బిడ్డ ఉత్తరంల ఏమున్నదో సదివి చెప్పరాదయ్యా? నాకు అచ్చరం ముక్క రాకపాయె."

"సదివేదేంది? మొదటి మాటే తన పేరు రాసుకున్నది. తండ్రికి దండం లేదు, గిండం లేదు. గంత పొగరుగల్ల ఉత్తరం నాకెందుకు?"

మూడేళ్ల కిందట కూతురు అనూష జగిత్యాలలో చర్చికి వెళ్లే దేవదాస్‌ను పెళ్లాడి, తానూ ఆ మతమే పుచ్చుకుంది. అప్పటినుంచి బుచ్చన్న వాళ్ల ఫోన్ ఎత్తలేదు. ఆయనది ఉడుంపట్టు. ఉత్తరం వస్తే మొదటి మాట చూసి, మడిచి నూలు కండెల డబ్బా కిందికి తోసేశాడు.

చాయ్ చల్లారకముందే గడపలో దేవదాస్ కనిపించాడు. గడ్డం మాసి, మనిషి సగమయ్యాడు.

"మామా, ఉత్తరం అందలేదా?"

"అందింది. పెద్దోళ్ల పేరు ముందుగాల రాయాలని మీ చర్చిల నేర్పరా?"

దేవదాస్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల పట్టుకుని కూలబడ్డాడు.

"గది పొగరు గాదు మామా. మా పరిశుద్ధ గ్రంథంల పౌలు అనే భక్తుడు రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలున్నయి. జైల్ల ఉండి గూడ దూరపు చర్చి సంఘాలకు రాసిండు. అండ్ల రాసెటోని పేరే ముందుంటది. పేరుపేరున వందనాలు ఆఖర్ల ఉంటయి. అనూషకు గవంటే పానం. గట్లనే రాసింది. ఆఖరిదాక సదువలేదా?"

బుచ్చన్న డబ్బా జరిపి కాగితం తీశాడు. బాలవ్వ వినాలని పైకే చదివాడు.

"అనూష, సిరిసిల్లలోని నా ఇంటివారికి. నాయనా, నా తలలో గడ్డ ఉందన్నారు. ఇరవయ్యో తేదీన హైదరాబాద్‌లో ఆపరేషన్. తర్వాత మనుషులు యాదికుండకపోవచ్చట. గుర్తుపట్టగలిగినప్పుడే నిన్నొకసారి చూడాలి. రా నాయనా. అమ్మకు వందనాలు. పక్కింటి రుక్కమ్మకు వందనాలు. నాకు పోగు ముడి నేర్పిన నీ చేతులకు అందరికన్నా ఎక్కువ వందనాలు."

ఇరవయ్యో తేదీ దాటి అప్పటికి పదిహేను రోజులు.

"ఆపరేషన్ గదిలకు తోలుకపోయేదాక తలుపు దిక్కే చూసింది" అన్నాడు దేవదాస్. "ఇప్పుడు ఇంటికి తెచ్చినం గని, నన్నే గుర్తువడుతలేదు. నీ మొఖం జూస్తెనన్న యాదికొస్తదేమోనని వచ్చిన."

"నీ పంతం మండ! ఒక్క మాట సదివి తీర్పు జెప్తివి గదయ్యా!" బాలవ్వ నేలమీద పడి ఏడ్చింది. "నేనన్న ఎవలతోనన్న సదివిచ్చుకోకపోతిని!"

బుచ్చన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ జగిత్యాల చేరారు. అనూష తలకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. తండ్రిని చూసి, కొత్తవాళ్లను చూసినట్టు మర్యాదగా నవ్వింది.

"ఎవలు మీరు?"

ఇప్పుడు ఆయనే తన పేరు ముందు చెప్పుకోవాల్సి వచ్చింది.

"బుచ్చన్నను. సిరిసిల్ల నుంచి. నా బిడ్డ అనూషకు వందనాలు చెప్పుదామని వచ్చిన."

ఆమె చుట్టూ చూసింది. "మీ బిడ్డ ఏడున్నది?"

బుచ్చన్న చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరో పెద్దాయన పాపం ఏడుస్తున్నాడని, అనూష తన దుప్పటి అంచుతో ఆయన కళ్లు తుడిచింది.