అనంతగిరికి నాలుగు డబ్బాలు

శుక్రవారం మధ్యాహ్నం స్ఫూర్తి ఫోను ముందు కూర్చొని, అనంతగిరి కొండమీది గెస్ట్‌హౌస్ మనిషితో మాట్లాడుతోంది.

"గింత ఎండలల్ల ఎవరొస్తరమ్మా? వానలు పడ్డంక రాండ్రి," అన్నాడు అవతలి మనిషి. "గిప్పుడు క్యాంటీన్ బంద్. దగ్గర్ల హోటళ్లు గూడ బంద్."

"జనం ఉండరు కదా! మాకు అదే కావాలె," అంది స్ఫూర్తి ఆరిందాలా.

నాన్న రఘునందన్‌ది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆయనకు సెలవు దొరకడమే గగనం. ఈ ఆదివారం ఖాళీ అనగానే, "ప్లాన్ నేను చేస్త," అని స్ఫూర్తి ముందుకు దూకింది. నాన్న ఆఫీసులో చేసినట్టే కంప్యూటర్‌లో గడులు గీసి ప్రింటు తీసింది. ఎన్నింటికి బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి, ఏం తినాలి, అన్నీ అందులో ఉన్నాయి. అమ్మ, నాన్న, తను, తమ్ముడు బుజ్జి. మొత్తం నాలుగు పులిహోర డబ్బాలు.

మధ్యాహ్నం రెండింటికి మూసీ నది పుట్టేచోటు. ఆ గడి కింద ఎర్రగీత గీసింది. ఊళ్లో ముక్కు మూసుకొని దాటే నది అక్కడ ఎలా ఉంటుందో చూడాలని ఆ పిల్లకు ఎన్నాళ్లనుంచో ఆశ.

"మా టీంల గూడ ఇంత మంచిగ చెయ్యరు బిడ్డా," అన్నాడు నాన్న. ఇక స్ఫూర్తి కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆదివారం ఆరింటికల్లా డ్రైవర్ లక్ష్మయ్య మోతీనగర్ నుంచి ఫిల్మ్‌నగర్‌లోని స్ఫూర్తి వాళ్ల ఇంటికి వచ్చి, కారు తుడిచి సిద్ధంగా పెట్టాడు.

కొండమీద నిజంగానే ఎవరూ లేరు. రాలిన ఆకులు కాళ్లకింద గలగలమన్నాయి. పన్నెండున్నరకు చెట్టు నీడలో దుప్పటి పరిచి, అమ్మ డబ్బాలు తీసింది.

"మీరు తినుండ్రి మేడం. నేను కిందికి వోయి తినొస్త," అని లక్ష్మయ్య నడుచుకుంటూ వెళ్లాడు. ఎప్పుడు బయటికి వచ్చినా అంతే. వాళ్లు ఒకచోట, ఆయన ఇంకోచోట. అందుకే ఎవరూ తలెత్తి చూడలేదు.

డబ్బాలు ఖాళీ అయ్యాయి. గంట గడిచాక లక్ష్మయ్య తిరిగి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. కారులోంచి సీసా తీసి గటగటా నీళ్లు తాగాడు.

"తిన్నవా లక్ష్మయ్యా?" అడిగింది అమ్మ.

"తిన్న మేడం. కడుపు నిండింది."

స్ఫూర్తి చప్పున లక్ష్మయ్య వైపు చూసింది. ఎక్కడ తిన్నాడు? దగ్గర్లో హోటళ్లు మూసేశారని ఫోనులో విన్నది తనే. విని కూడా నాలుగు డబ్బాలే రాసింది తనే. పొద్దుటి నుంచి కారు నడిపిన మనిషికి ఆకలేస్తుందన్న సంగతే తట్టలేదు. ఇప్పుడు చెప్తే తన ప్లాన్ పరువు పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి ఆకలితోనే ఇల్లు చేరాలి. చాలా సిగ్గేసింది.

"నాన్నా, అంకుల్ తినలే," అంది ఒక్క గుక్కలో. "గీడ హోటళ్లు బంద్. నాకు ముందే తెల్సు. నేనే అంకుల్‌కి డబ్బా రాయలే."

నాన్న ముఖం చిన్నబోయింది. "ఏంది లక్ష్మయ్యా, చెప్పొద్దా?"

"ఫికర్ లేదు సార్. పొద్దుగాల చాయ్ తాగిన. పాప నది చూడాలంటుంది, గాడికి పోదాం. ఇంటికి వోయినంక తింట."

"వద్దు," అంది స్ఫూర్తి. "ఫస్ట్ వికారాబాద్ పోదాం. గాడ హోటల్ ఉంటది."

"మళ్ల కొండెక్కే టైముండదు బిడ్డా. నాకు సాయంత్రం ఆఫీసు ఫోనుంది," అన్నాడు నాన్న.

"తెల్సు నాన్నా."

"మరి నది?" అన్నాడు బుజ్జి.

స్ఫూర్తికి ఏడుపు వచ్చినంత పనైంది. "నది ఏడికి పోదు," అని కారెక్కింది.

వికారాబాద్‌లో ఒక హోటల్ తెరిచే ఉంది. నాన్న లక్ష్మయ్యకు భోజనం, తమకు టీ చెప్పాడు. లక్ష్మయ్య అలవాటుగా మూల బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. స్ఫూర్తి లేచి వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన మొహమాటంగా సర్దుకున్నాడు. వెనకే బుజ్జి, ఆ తర్వాత అమ్మానాన్నలు తమ కుర్చీలు అక్కడికే జరుపుకున్నారు.

లక్ష్మయ్య తల వంచుకొని పెద్దపెద్ద ముద్దలు తింటున్నాడు. పళ్లెం ఖాళీ అవుతోంది. మళ్లీ వడ్డించమని అడగడానికి మాత్రం మొహమాటపడుతున్నాడు.

స్ఫూర్తి చెయ్యెత్తింది.

"అన్నా, గీడ ఇంకింత అన్నం, పప్పు!" అని హోటలంతా వినపడేలా కేకేసింది.