ముప్పైనాలుగు నంబరు ప్రొపెల్లర్

శనివారం ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు మేజర్ ఫలాహ్ ఆ ఇంజిన్ ముందు నిలబడ్డాడు.

ఎనిమిది పిస్టన్లలో మూడింటికి చిల్లులు పడ్డాయి. లోహం కరిగి, కొవ్వొత్తి మైనంలా జారి, మళ్లీ గట్టిపడింది. సూపర్‌ఛార్జర్ మసిబారింది. డ్రైవర్ సీటు సగం కాలిపోయింది.

నిన్న సాయంత్రం నాలుగు గంటల ఏడు నిమిషాలకు ఆ సీటులో ఉన్నవాడు జర్రాహ్. బోటు యజమాని కుమారుడు. వయసు ఇరవై ఆరు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. ప్రాణాపాయం లేదు. అయితే ఆ చేతులు మళ్లీ స్టీరింగ్ పడతాయో లేదో వైద్యులు చెప్పడం లేదు.

మే నెలాఖరు. ఫహాహీల్ తీరాన ఈ ఏటికి నిన్నటిదే ఆఖరి వేగపరీక్ష. షెడ్డు లోపల గాలి తడిబట్టలా ఒంటికి అంటుకుంటున్నది.

“కేసు తేలిపోయింది సార్,” అన్నాడు సార్జెంట్ మర్జూక్. “మీ సంతకం ఒక్కటే తక్కువ.”

అతను అందించిన ఫైలులో బహిష్కరణ ఉత్తర్వు ఉన్నది. పేరు సబ్రి. ఈజిప్టు దేశస్థుడు. దమియెత్తా వాసి. ఇరవై రెండేళ్లుగా ఈ షెడ్డులో ప్రధాన మెకానిక్. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలలోగా ఫలాహ్ సంతకం చేస్తే, సాయంత్రం విమానంలో అతణ్ణి ఎక్కించివేస్తారు. మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరు.

కారణం ప్రొపెల్లర్.

ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే నీటిలో ఎన్ని అంగుళాలు ముందుకు సాగాలో చెప్పే కొలత పేరు పిచ్. పిచ్ పెరిగితే వేగం పెరగవచ్చు. ఇంజిన్ మోయవలసిన బరువు మాత్రం తప్పక పెరుగుతుంది. సూపర్‌ఛార్జర్ ఉన్న ఇంజిన్‌కు అది మరింత ప్రమాదం. ఇంజిన్ తిరగలేక మూలుగుతున్నా సూపర్‌ఛార్జర్ గాలిని కుక్కుతూనే ఉంటుంది. లోపల వేడి మితిమీరుతుంది. పెట్రోలు వేళకు ముందే పేలుతుంది. పిస్టన్ కరుగుతుంది.

నిన్న బోటుకు ఉండవలసినది ముప్పై అంగుళాల పిచ్. ప్రమాదం తరువాత షాఫ్టుకు కనిపించినది ముప్పైనాలుగు.

“సబ్రి తన పుస్తకంలో ముప్పై అని రాసుకున్నాడు సార్. బిగించింది ముప్పైనాలుగు. చూసినవాడు ఉన్నాడు.”

“ఎవరు?”

“యజమాని మేనల్లుడు ధారి. మధ్యాహ్నం రెండూ పదికి కిటికీలోంచి చూశాడట. పుస్తకంలోనూ అదే టైము. సబ్రి మాత్రం మూడూ పది అంటున్నాడు. సొంత పుస్తకమే వాణ్ణి పట్టిచ్చింది.”

“పుస్తకం అతనికి చూపించావా?”

“ఎందుకు సార్? సీలు వేసి సంచిలో పెట్టేశాను.”

రెండూ పదికే ముప్పైనాలుగు బిగించి ఉన్నట్లయితే సబ్రి తప్ప మరొకరు దోషి కావడానికి వీలు లేదు. మూడు గంటల దాకా షెడ్డుకు తాళం ఉన్నది. తాళంచెవి సబ్రి జేబులో ఉన్నది. మూడు దాటాక అయితే తలుపులు బార్లా తెరిచారు. మూడూ ఇరవై రెండుకు అసర్ నమాజు. అందరూ పక్కనున్న మసీదుకు వెళ్లారు. మూడూ నలభైకి క్రేన్ బోటును నీటిలోకి దించింది.

“ఎందుకు చేసినట్టు?”

“కుళ్లు సార్. ధారి ఫ్లోరిడాలో మెరైన్ ఇంజినీరింగ్ చదివి ఎనిమిది నెలల కిందట వచ్చాడు. వచ్చే సీజన్ నుంచి బోటు మొత్తం అతని చేతికే అని నలుగురూ అనుకుంటున్నారు. ఈ ముసలాడు ఓర్వలేకపోయాడు.”

ఫలాహ్ ఫైలు మూశాడు. గోడకు వరుసగా వేలాడుతున్న ప్రొపెల్లర్లను పరిశీలించాడు. ముప్పై నంబరుది తన కొక్కేనికే ఉన్నది. రెక్కలు అద్దంలా తుడిచి ఉన్నాయి. నడిమి రంధ్రంలోకి వేలు పెట్టి చూశాడు. ఆకుపచ్చని గ్రీజు అంటింది. తాజా గ్రీజు. తక్కిన వాటిలో వేలు పెట్టాడు. అన్నీ పొడిగా ఉన్నాయి.

*

పది గంటల ఇరవై నిమిషాలకు ధారి వచ్చాడు. ఒంటిమీద తెల్లని పొడుగు అంగీ దిష్‌దాషా, చేతిలో లాప్‌టాప్. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. జర్రాహ్ అతనికి మేనమామ కొడుకు. కలిసి పెరిగినవాళ్లు.

“మీరు చూసిన టైము?”

“రెండూ పది.”

“సుమారుగానా?”

“కచ్చితంగా.”

“ఏం చూశారు?”

“ముప్పైనాలుగు బిగిస్తున్నాడు. ఒక్కడే ఉన్నాడు.”

“వారించలేదేం?”

“నా మాట అక్కడెవడు వింటాడు?”

ఆ తరువాత అడగకుండానే చాలా చెప్పాడు. సబ్రి పొద్దున ఎన్ని గంటలకు టీ తాగుతాడో చెప్పాడు. గ్లాసులో ఎన్ని చెంచాల పంచదార వేసుకుంటాడో చెప్పాడు. మామ రోజుకు ఎన్నిసార్లు సబ్రికి ఫోను చేస్తాడో, ఏ అతిథి ముందు ఏ మాట అని అతణ్ణి మెచ్చుకున్నాడో, తేదీలతో సహా చెప్పాడు.

ఫలాహ్ పెన్ను ఆపి విన్నాడు. అతనితో పాటు అకాడమీలో చదివిన మిత్రుడొకడు నేడు కర్నల్. ఆ మిత్రుడికి ఏ ప్రమోషన్ ఏ తేదీన వచ్చిందో ఫలాహ్‌కు నోటికి వచ్చు. ఈ జబ్బు లక్షణాలు అతనికి ఒకరు నేర్పవలసిన అవసరం లేదు.

పదకొండున్నరకు స్టేషన్ లాకప్పులో సబ్రిని కలిశాడు. అరవై ఏళ్ల మనిషి. కుడిచేతికి కట్టు ఉన్నది. నిన్న మంటల్లోంచి జర్రాహ్‌ను లాగినవాడు ఇతడే. ఆ మాట ఫైలులో ఎక్కడా లేదు.

“ముప్పై ఎందుకు ఎంచారు ఉస్తా?” అని అడిగాడు ఫలాహ్. పనిలో ఆరితేరినవాణ్ణి ఈజిప్టువాళ్లు పిలుచుకునే పిలుపు అది.

సబ్రి ముఖం మొదటిసారి వెలిగింది. వారం రోజుల కిందట పొద్దుటి పూట ముప్పైరెండుతో బోటు హాయిగా పరుగెత్తిందట. నిన్న మధ్యాహ్నం గాలి వేడెక్కి, చెమ్మతో పలచబడింది. అటువంటి గాలిని మింగిన ఇంజిన్‌కు సత్తువ తగ్గుతుంది. ట్యాంకు కూడా నిండుగా ఉన్నది. సత్తువ తగ్గినవాడి నెత్తిన బరువు తగ్గించాలి గాని పెంచకూడదు. అందుకని పిచ్ తగ్గించాడు. ఇదంతా అతడు ఎడమచేతితో గాలిలో రెక్కలు గీస్తూ చెప్పాడు.

“ధారి సంగతి ఏమంటారు?”

“చదువుకున్న పిల్లాడు బాషా,” అన్నాడు సబ్రి, అధికారులను తన దేశంలో పిలిచే తీరున. “మర్యాదస్తుడు.”

“ఏం చదివాడు?”

సబ్రి తడుముకున్నాడు. “లెక్కలనుకుంటా.”

ఫలాహ్ లేచాడు. ఒకరి మీద కుళ్లి చచ్చేవాడికి ఆ ఒకరి చదువేమిటో తెలియకపోవడం జరగదు.

తన గదికి వెళ్లి సంచి సీలు విప్పాడు. పుస్తకం జిడ్డుగా ఉన్నది. ఆఖరి పేజీలో ఆఖరి వరుస. అరబ్బీ అంకెలు, పెన్సిల్ రాత. ఆ వరుసను ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. మూడోసారి చదవలేదు; అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే పోల్చాడు. ఆ తరువాత రేవు గేటుకు ఫోను చేసి నిన్నటి రిజిస్టరు తెప్పించాడు.

*

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. జర్రాహ్ తండ్రిని అందరూ బూ జర్రాహ్ అనే పిలుస్తారు. ఆయన ఇంటి దీవానియాలో, అతిథులు కూర్చునే పెద్ద గదిలో, గోడల వెంట పరుపులు పరిచి ఉన్నాయి. కాఫీ గిన్నెలు ఎవరూ ముట్టలేదు. ఒక గోడవారన బూ జర్రాహ్, ఆయన పక్కన ధారి కూర్చున్నారు. ఎదురుగా సార్జెంట్ మర్జూక్ పక్కన సబ్రి ఉన్నాడు. ఫలాహ్ నడుమ కూర్చున్నాడు.

“ఇరవై రెండేళ్లు నా ఉప్పు తిన్నావు సబ్రీ,” అన్నాడు బూ జర్రాహ్. “నేను పోతే నన్ను సమాధికి మోసే బల్ల కూడా నువ్వే ఎంచాలి అనేవాణ్ణి. నా కొడుకు చేతులు తిన్నావురా.”

సబ్రి తల ఎత్తలేదు.

ఫలాహ్ పుస్తకం తెరిచి ధారి ముందు పెట్టాడు. “చివరి వరుస చదవండి.”

ధారి చదివాడు. “పిచ్ ముప్పై. రెండూ పది. బిగించాను.”

“ఉస్తా, మీరు చదవండి.”

“పిచ్ ముప్పై. మూడూ పది. బిగించాను.”

మర్జూక్ పెదవి విరిచాడు. బూ జర్రాహ్ పుస్తకం లాక్కుని కళ్లజోడు సవరించుకున్నాడు. “రెండేగా ఇది?”

“అచ్చులో అయితే రెండే,” అన్నాడు ఫలాహ్. “గీత పైన పన్నులాంటి వంపు ఒక్కటే ఉంది. మనం బడిలో మూడును రెండు పళ్లతో నేర్చుకున్నాం. ఈజిప్టువాళ్లు చేతిరాతలో మూడుకు ఒక్క పన్నే పెడతారు. రెండుకు అసలు పన్నే పెట్టరు, ఊరికే వంచి వదిలేస్తారు. నా మూడో తరగతి లెక్కల మాస్టారు ఈజిప్టాయన. ఆయన మూడును రెండని చదివి, వేళ్ల మీద స్కేలు దెబ్బ తిన్నాను.”

“అది మీ మాట. రుజువేది?” అన్నాడు ధారి.

“అదే వరుసలో ఉంది. పిచ్ ముప్పై అని ఇప్పుడు మీరే చదివారు. ముప్పైలో మూడు ఎలా ఉందో చూడండి. ఒక్క పన్ను. టైములో మొదటి అంకె? అదే గీత. అదే చెయ్యి, అదే వరుస. ముందుది మూడని చదివి, వెనకది రెండని ఎలా చదివారు?”

బూ జర్రాహ్ ఆ రెండు అంకెలనూ వేలితో పోల్చి చూశాడు.

“ఎందుకంటే ఆ బోటుకు ఇరవై పిచ్ ఉండదని మీకు తెలుసు. కాబట్టి పిచ్ దగ్గర మీ బుర్ర మూడని సర్దేసుకుంది. టైముకు అలాంటి ఆసరా లేదు. కన్ను ఎలా చూపిస్తే అలా చదివారు. మా సార్జెంటూ అంతే.”

మర్జూక్ తన బూట్లకేసి చూసుకున్నాడు.

ఫలాహ్ గేటు రిజిస్టరు తీశాడు. సబ్రి పికప్పు బయటికి వెళ్లినది ఒకటీ ముప్పై ఐదుకు. తిరిగి వచ్చినది రెండూ యాభైకి. పెట్రోలు పీపాలతో గేటు దాటుతుండగా కెమెరాలో కూడా పడింది.

“రెండూ పదికి ఉస్తా షెడ్డులో లేడు. ఆ టైముకు అతణ్ణి చూసినవాడు ఈ లోకంలో ఉండటానికి వీల్లేదు. గంట పొరబడ్డానంటారా? కచ్చితంగా అని చెప్పింది మీరే. పైగా మీ పొరపాటు, ఈ పుస్తకాన్ని తప్పుగా చదివినవాడి పొరపాటు, నిమిషం తేడా లేకుండా ఒకటేనా? మీరు మనిషిని చూడలేదు. పుస్తకాన్ని చూశారు. పుస్తకం షెడ్డు లోపల మేకుకు వేలాడుతోంది. ఎప్పుడు చూశారు?”

ధారి తలుపు వైపు చూశాడు.

“నేను చెబుతాను. మూడూ ఇరవై రెండు తరవాత. అందరూ నమాజులో ఉన్నప్పుడు. ఉస్తా బిగించిన ముప్పైని విప్పి, తుడిచి, కొక్కేనికి తగిలించారు. రెక్కలు తుడిచారు. లోపలి గ్రీజు తుడవలేదు. అది నా వేలికి అంటింది.”

బూ జర్రాహ్ మేనల్లుడి వైపు మెల్లగా తిరిగాడు. “ఒరేయ్ ధారీ. వాడు నీకు అన్నలాంటివాడురా. చంపాలనుకున్నావా?”

“లేదు మామా.” మొదటిసారి అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వినిపించింది. “గెలిపించాలనుకున్నాను. నా లెక్కలో ముప్పైనాలుగే వచ్చింది. పదిహేనుసార్లు వేశాను. పోయిన నెల ఇక్కడే, అందరి ముందూ మీకు చూపిస్తే ఏమన్నారు? ‘ముందు ఉస్తాను అడుగు. ఆయన ఊ అంటే నీ లాప్‌టాప్ కూడా ఊ అంటుంది’ అన్నారు. నలభైమంది నవ్వారు. జర్రాహ్ కూడా నవ్వాడు. రికార్డు కొట్టాక చెబుదామనుకున్నాను, అది నా ప్రొపెల్లరని. ఒక్కసారి మీరు నన్ను ముందు అడుగుతారని.”

బూ జర్రాహ్ ముఖం చేతులతో కప్పుకున్నాడు. నవ్విన నలభైమందిలో మొదట నవ్వినది ఆయనే.

ఫలాహ్ బహిష్కరణ ఉత్తర్వును నిలువునా చింపి మర్జూక్ చేతికిచ్చాడు. సబ్రి పాస్‌పోర్టును సబ్రి ఎడమచేతిలో పెట్టాడు. వాచీ చూసుకున్నాడు. పది గంటల పన్నెండు నిమిషాలు.

మర్జూక్ ధారిని లేవదీశాడు. తలుపు దగ్గర ధారి ఆగాడు. క్షమించమని అడుగుతాడేమోనని ఫలాహ్ ఎదురుచూశాడు. అతడు అడిగినది అది కాదు.

“ముప్పైరెండు అయితే?”

సబ్రి మొన్నటి గాలిని, నీటిని, ట్యాంకు బరువును మళ్లీ లెక్క వేసుకున్నట్లు కళ్లు సగం మూశాడు.

“నడిచేది బాబూ. కాస్త ఆయాసపడేది, కానీ నడిచేది. మూడింటిదాకా నాకూ అదే ఊగిసలాట, ముప్పైయా, ముప్పైరెండా అని. నువ్వొచ్చి ఒక్కమాట అడిగి ఉంటే ముప్పైరెండే బిగించేవాణ్ణి. నీ పేరే చెప్పేవాణ్ణి.”

ధారి తల దించుకోలేదు. కట్టు కట్టిన ఆ కుడిచేతి వైపు, దాన్ని తన రెండు చేతుల్లోకి తీసుకుంటున్న మామ వైపు చూశాడు.

ఆ చూపు ఫలాహ్‌కు తెలిసినదే. అందులో పశ్చాత్తాపం ఉన్నది. అసూయ మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.