సొంత ఇంటికి చుట్టంగా వచ్చిన గోండ్వే

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. ఒక్క పేజీ నిండాలంటే ఒక పూట పడుతుంది.

జూన్‌లో మాకు నడి చలికాలం. నైకా పీఠభూమి మీద తెల్లవారేసరికి గడ్డంతా మంచు పట్టి ఉప్పు చల్లినట్టు ఉంటుంది. అక్కడి విడిదిలో అతిథుల చెక్క గదుల్లో సాయంత్రం పొయ్యి వెలిగించే పని తమాలాది.

జీబ్రాలను లెక్కపెట్టడానికి నెల రోజులకని వచ్చిన లింబాని, మొదటి సాయంత్రమే మర్యాదకు పోయి తనే పొయ్యి రాజేశాడు. తమాలా వెళ్లేసరికి గది నిండా పొగ. మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి దగ్గుతున్నాడు.

"పచ్చి కట్టెలు పెట్టిందెవరు?"

"నేనే. మీకెందుకు శ్రమ అని..."

"మీ జీబ్రాలను నేను లెక్కపెట్టానా? నా పొయ్యి జోలికి మీరు రాకండి."

అతను మళ్లీ పొయ్యి ముట్టుకోలేదు. కానీ ఆమె వచ్చే వేళకు గదిలోనే ఉండేవాడు. ఆ రోజు చూసినవన్నీ చెప్పేవాడు. పొగమంచులోంచి ఒక్కొక్కటే నడిచొచ్చిన జీబ్రాలు, దూడను గడ్డిలో దాచి మేతకు వెళ్లిన దుప్పి, తల్లి వచ్చేదాకా చెవైనా కదపని ఆ దూడ.

"పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను అవన్నీ" అనేది తమాలా. అయినా అతను చెబుతుంటే అప్పుడే చూస్తున్నట్టుండేది. పొయ్యి అంటుకోవడం రోజురోజుకూ ఆలస్యమయ్యేది.

నెల నిండింది. శనివారం లారీ వచ్చి అతన్ని తీసుకుపోతుంది. గురువారం వచ్చినా అతను పెళ్లి మాట ఎత్తలేదు. పిల్లను అడగాలంటే తెంగా, అంటే మధ్యవర్తి, ఆమె ఇంటికి వెళ్లాలి. ఆడపిల్ల తనంతట తాను చెప్పుకోదు.

ఆ మధ్యాహ్నం వంటగది వెనక కట్టెలు పేరుస్తుంటే లింబాని గొంతు వినిపించింది. పెద్ద కాపలాదారు గోండ్వేతో మాట్లాడుతున్నాడు. గోండ్వే తమాలా తండ్రి. డ్యూటీలో చుట్టరికాలు వద్దని ఆయన ఆజ్ఞ. కూతురు కూడా బాస్ అనే పిలవాలి. ఆ సంగతి లింబానికి తెలీదు. తెలిసినవాళ్లు తమాషా చూద్దామని చెప్పలేదు.

"ఇక్కడ నాకు మీరే పెద్దదిక్కు. తెంగాగా మీరు వెళ్లాలి."

"ఎవరింటికి?"

"తమాలా వాళ్లింటికి."

తుపాకీ తుడుస్తున్న గుడ్డ ఆగింది. "వాళ్ల నాన్న ఎలాంటివాడో తెలుసా?"

"తెలీదండి. ఇంత చలిలో కూతురితో కట్టెలు మోయిస్తున్నాడంటే మొండి ఘటమే అయ్యుంటాడు."

తమాలా చేతిలోని కట్టె జారి కాలి మీద పడింది.

"మొండివాడే. పిల్లకు ఇష్టమని నీకెవరు చెప్పారు?"

"మొదట్లో ఆమెకు పొయ్యి వెలిగించడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఇప్పుడు గంట పడుతోంది. లెక్కపెట్టేవాణ్ని కదండీ."

పొద్దు వాలే వేళ గోండ్వే తన ఇంటి ముందే నిలబడి, పరాయివాడిలా "ఓడి, లోపలికి రావచ్చా" అని పిలిచాడు. తన పీట వదిలేసి చుట్టాల చాప మీద కూర్చున్నాడు.

"ఏమైంది నీకు?" అంది భార్య.

"నేను తెంగానమ్మా. మీ ఇంట్లో కోడిపెట్ట ఉందట. మా వైపు ఒక పుంజు ఉంది."

ఆవిడ కూతుర్ని చూసింది, మొగుణ్ని చూసింది. "వాళ్ల నాన్ననడగాలి. మొండి మనిషి."

గోండ్వే లేచి పీట మీదికి మారాడు. ఖాళీ చాపను చూస్తూ, "అబ్బాయి బుద్ధిమంతుడేనా?" అన్నాడు. మళ్లీ చాప మీదికొచ్చి, "బుద్ధిమంతుడే. పొయ్యి రాజేయడం రాదు" అని తనే జవాబిచ్చాడు. మరోసారి పీట మీదికి వెళ్లాక ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"తల్లీ, నీకిష్టమేనా?"

తమాలా ఎండు కట్టెల మోపు తలకెత్తుకుంది.

"అతని గదిలో పొయ్యి వెలిగించి వస్తాను నాన్నా. గంట పడుతుంది."

ముప్పై రెండేళ్లు, అతని చివరి చలికాలం దాకా, అతని పొయ్యి నేనే వెలిగించాను.

తమాలా న్యాగోండ్వే, అంటే గోండ్వే కూతురు తమాలా, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉండేది రుంఫీ పట్నంలో.