తాళం పడలేదు

సోమవారం ఉదయం 11:00. సాల్ట్ లేక్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు సర్వర్‌లోంచి ఒక ఫైలు మాయమైంది.

బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో బాయిలర్ పేలిన రోజు ప్రెషర్ రీడింగులు అందులో ఉన్నాయి. వేరే కాపీ లేదు.

బుధవారం మధ్యాహ్నం 3:15. సోమశేఖర్ మోకాళ్లు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఏళ్లు దొంగతనాలు తేల్చి రిటైరైన మనిషి. ఫైలు సంగతి తేల్చమని ఆఫీసు వాళ్లే పిలిపించారు.

మేనేజర్ లక్ష్మీసౌజన్య ఆవులింత ఆపుకుంది. "ఆ ఫైలుకి ఇమ్యూటబుల్ ఫ్లాగ్ వేశాం సార్. తాళం లాంటిది. అదుంటే ఎవరూ చెరపలేరు. తీయాలంటే సర్వర్ మొత్తానికి తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డ్ కావాలి. అది సర్వర్ చూసుకునే ఇంద్రజ ఒక్కదానికే తెలుసు. ఐదింటికి పోలీస్ కంప్లైంట్ ఇస్తున్నాం."

ఇంద్రజ గోడకి ఆనుకుని నిలబడింది. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు.

"తాళం ఎప్పుడేసావమ్మా?"

"శుక్రవారం 3:40కి."

"తీసావా?"

"లేదు. ఇంక చెప్పే ఓపిక కూడా లేదు సార్."

"మరి చెరిపిందేటి?"

"పాత ఫైళ్లు ఊడ్చే స్క్రిప్ట్. సోమవారం సోమవారం 11కి నడుస్తుంది. తాళమున్న ఫైలుని చెరపడం దాని వల్ల కాదు."

సర్వర్‌లో ఎవరేం చేశారో వరసగా ఉండే కమాండ్ల లాగ్‌ని సోమశేఖర్ ప్రింట్ తీయించాడు. వేలు పెట్టి చదివాడు. తాళం వేసిన లైను ఉంది. తీసిన లైను లేదు.

"ఆ లైను తనే చెరిపేసుంటుంది," అంది మేనేజర్.

"లైను చెరిపితే వరస నంబరు తెగాలి కదమ్మా. ఒక్కటీ తెగలేదు." ఇంద్రజ వైపు తిరిగాడు. "తాళమేసాక లాగి చూసావా?"

"ఎర్రర్ రాలేదు సార్."

"అది కాదు నేనడిగింది. మా ఊళ్లో గేదెని కట్టాక పలుపు ఓసారి లాగి చూస్తారు."

సోమశేఖర్ స్క్రీన్ వైపు వేలు చూపించాడు.

"ఈ తాళం ఇదివరకు పనిచేసిందా?"

"పాత డిస్కులో ఎప్పుడూ పనిచేసింది. పోయిన నెలే ఫైళ్లు దాచే కొత్త స్టోర్‌కి మారాం. దాని ప్రోగ్రామ్ మా టీమ్‌లో లలిత్ రాశాడు."

"అయితే రెండు చోట్లా చెరో ఉత్త ఫైలు పెట్టు. తాళమెయ్యి. చెరుపు."

3:52. ఇంద్రజ తాళాలు వేసి, మామూలు యూజర్‌గా చెరపబోయింది. పాత డిస్కు ఒప్పుకోలేదు. కొత్త స్టోర్‌లో ఫైలు చప్పుడు లేకుండా పోయింది.

మూల బల్ల దగ్గర లలిత్ తల దించుకున్నాడు.

"చెప్పు బాబూ."

"ఆ స్టోర్ సిస్టమ్‌కి మూలమైన కెర్నల్ లోపల ఉండదు సార్. బయట నడిచే నా ప్రోగ్రామ్. ఫ్లాగ్ పెట్టమని కెర్నల్ దాన్నే అడుగుతది. దాచేదీ, అడ్డుకునేదీ అదే."

"మరదేటి చేసింది?"

"సరే అన్నది. ఫ్లాగు దాచలే." లలిత్ కీబోర్డు పక్కకి నెట్టాడు. "ఈ పని రాదు అని దానితోని చెప్పిస్తే టెస్టులు ఫెయిలైతుండె. రిలీజ్ నెత్తి మీదున్నది. తర్వాత రాద్దామనుకున్న."

"అది నాకు చేతకాదని ఒక్క మాట అనుంటే, ఈ పిల్ల ఇంకోచోట దాచుకునేది గదరా."

లక్ష్మీసౌజన్య కంప్లైంట్ కాగితం ముందుకు లాక్కుంది. ఇంద్రజ పేరు కొట్టేసింది.

"నాది రాయండి మేడం," అన్నాడు లలిత్.

ఇంద్రజ నవ్వలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని లెక్క చూసింది. కొత్త స్టోర్‌లో తాళం వేసిన ఫైళ్లు ఇంకా నలభై మూడు. "సోమవారం లోపు ఇవన్నీ పాత డిస్కుకి ఎక్కించాలి."

"సగం నాకియ్యి," అన్నాడు లలిత్.

"వద్దు," అంది తల తిప్పకుండా. "నువ్వు ముందు నీ స్టోర్‌కి చేతకాదనడం నేర్పు."