క్యూలో ఆగిన మెయిల్

సామ్సన్ శవం ఎమ్మిగనూరు శివార్లలో మూతపడిన జిన్నింగ్ మిల్లులో దొరికింది. పత్తిని బేళ్లుగా నొక్కే ప్రెస్ కింద.

"ప్రమాదమని రాశారు. కాదు," అన్నాడు సేతుమాధవరావు, కర్నూలు ఇంటెలిజెన్స్ ఆఫీసులో తలుపు మూస్తూ. "రక్షణ శాఖ రహస్యాలు బయటి దేశానికి చేరవేసే ముఠాకి సర్వర్లు చూసేవాడు. మన వైపు రావడానికి ఒప్పుకున్న మూడో రోజే పోయాడు. ఇప్పుడు వాళ్లకి కొత్త టెక్నీషియన్ కావాలి."

"నేనా సార్?" అంది కృతి.

"నువ్వే. అక్కడ నీ పేరు స్వప్న. ముఠా నడిచేది ఆదోనిలో శేఖర్ అనేవాడి పత్తి ఆఫీసు నుంచి. అక్కడ మహాదేవి అని ఒకామె ఉంటుంది. మనకి వార్తలిస్తుంది. వాళ్లకీ ఇస్తుంది. నమ్మొద్దు. మనవాళ్లు పక్క వీధిలోనే ఉంటారు."

శేఖర్‌కి కావలసింది కంటెయినర్‌లో నడిచే మెయిల్ సర్వర్. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా బతికే పెట్టె అది. ఒక్క కమాండ్ కొడితే ఆనవాలు లేకుండా పోతుంది. రెండు రోజులు కృతి దాన్ని సిద్ధం చేస్తుంటే, రెండు రోజులూ శేఖర్ ఆమె వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక్కసారీ గొంతు పెంచలేదు.

"సామ్సన్ కూర్చున్నింది ఈ కుర్సీలోనే," అంది మహాదేవి, టీ గ్లాసు పక్కన పెడుతూ. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, పత్తిగింజల వాసనని మింగేసే సెంటు. "పని అయిపోతానే పంపించేసినారు. నువ్వు నిదానంగా చేసుకో పాపా."

బెదిరింపో, హెచ్చరికో కృతికి అంతుపట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం పాత మెయిళ్లను కొత్త పెట్టెలోకి ఎక్కిస్తుంటే ఒకటి కంటపడింది. "సామ్సన్ వస్తాడు. బేలు కట్టేయండి." అతను చనిపోయిన రోజుది. బయటికి పోయే మెయిళ్లకి ఆమె చప్పుడు లేకుండా ఒక అడ్డు పెట్టింది.

"మాదేవీ, ఎమ్మిగనూరు మిల్లులో పార్శిల్ ఇచ్చిరా పో," అన్నాడు శేఖర్. ఆమె కారు కదిలాక ఫోన్‌లో మెయిల్ కొట్టాడు. కొత్త సర్వర్‌లో మొదటిది. కృతి పెట్టిన అడ్డు తగిలి అది ఆమె స్క్రీన్ మీద, పంపాల్సినవాటి క్యూలో ఆగింది.

"మహాదేవి వస్తాంది. బేలు కట్టేయండి."

"పోయిందా స్వప్నమ్మా?"

"క్యూలో ఉంది సార్. కొత్త సర్వర్ కదా, అవతలోళ్లు నమ్మేకి పది నిమిషాలు పడుతుంది."

"పదే. పదకొండోది వద్దు." లేచి తలుపు గడియ పెట్టి, అక్కడే నిలబడి ఫోన్ చూసుకోసాగాడు.

మెయిల్‌ని వదిలేస్తే కృతికి ఢోకా లేదు. పోయేది సార్ నమ్మొద్దన్న మహాదేవి. ఆపితే, తర్వాతి బేలు తనే. కృతి చల్లారిన టీ గ్లాసు వైపు ఒకసారి చూసింది. నిదానంగా చేసుకోమన్నది హెచ్చరికే.

శేఖర్ మెయిల్‌ని క్యూలోంచి తీసేసి, దాన్నీ పెట్టె మొత్తం నకలునీ సేతుమాధవరావుకి తోసింది. శేఖర్ పేరుతో ఎమ్మిగనూరుకి వేరే మెయిల్ రాసింది: "ప్లాన్ మారింది. బస్టాండుకాడికి రా. పార్శిల్ నువ్వే తీసుకో."

తొమ్మిదో నిమిషం. శేఖర్ ఆమె భుజం మీదుగా వంగాడు. చేతిలో బేళ్లకి చుట్టే ఇనుప తీగ.

స్క్రీన్ మీద ఒక్క మాట వెలిగింది: డెలివర్డ్.

"పోయింది సార్."

శేఖర్ నవ్వి, కీబోర్డు లాక్కుని, ఒక్క కమాండ్‌తో కంటెయినర్‌ని తుడిచేశాడు. "మంచిదమ్మా. పని అయిపోయింది," అంటూ తీగ రెండు కొసలూ చేతులకి చుట్టుకున్నాడు. తీగ ఆమె మెడకి తగిలిన క్షణాన గడియ విరిగి తలుపు లోపలికి పడింది. సేతుమాధవరావుకి నకలు అందగానే పక్క వీధి నుంచి కదిలిన పోలీసులు.

సాయంత్రానికి ఎమ్మిగనూరు బస్టాండులో తుపాకీతో దొరికినవాడు నోరు విప్పాడు. మహాదేవిని జీపులో ఆదోనికి తెచ్చారు. కృతి ఆమె చేతికి ఆ మెయిల్ ప్రింటు ఇచ్చింది.

మహాదేవి కళ్లద్దాలు తీసి రెండుసార్లు చదివింది. "సబ్జెక్ట్ ఏం పెట్టినాడు?"

"ఏమీ లేదు. ఖాళీ."

"పదేండ్లు పన్జేసినా వానికాడ," అంది మహాదేవి. "నా సావుకు ఒక హెడ్డింగన్నా పెట్టకూడదా."